లినక్స్ ప్యాకేజీ: నా యంత్రంలో నడిచే ఆట పరీక్షకుల యంత్రాల్లో ఎందుకు మొరాయిస్తోంది?

పిక్సెల్‌రథం అడిగిన ప్రశ్న

నేను ఒక్కడినే తయారుచేస్తున్న 2డీ ఆట విడుదలకు దగ్గరపడింది. విండోస్ ప్యాకేజీతో పెద్దగా ఇబ్బంది రాలేదు కానీ, లినక్స్ ప్యాకేజీ మాత్రం ఒక్కొక్కరి కంప్యూటర్‌లో ఒక్కో రకంగా పేచీ పెడుతోంది. ఆట సీ++లో రాసినది. విండో, ఇన్‌పుట్, శబ్దం కోసం ఎస్‌డీఎల్2, దానికి తోడు ఎస్‌డీఎల్ మిక్సర్, రెండరింగ్‌కు ఓపెన్‌జీఎల్, లెవెళ్ల స్క్రిప్టులకు లువా వాడుతున్నాను. కంపైల్ చేసేది ఉబుంటు 24.04 మీద.

ఉబుంటు 22.04 ఉన్న పరీక్షకుడి దగ్గర ఆట తెరుచుకోకుండానే, గ్లిబ్‌సీ (లినక్స్‌లోని ప్రాథమిక సీ లైబ్రరీ) 2.38 వెర్షన్ దొరకలేదన్న సందేశం చూపి ఆగిపోయింది. నా కోడ్‌లో అంత కొత్త సదుపాయం ఏదీ వాడిన గుర్తు లేదు. అప్పుడు, ప్రోగ్రామ్‌కు కావలసిన లైబ్రరీల జాబితా ఇచ్చే ఎల్‌డీడీ చూపించిన లైబ్రరీలన్నిటినీ, గ్లిబ్‌సీతో సహా, ఆట పక్కనే ఉన్న లిబ్ ఫోల్డర్‌లోకి కాపీ చేసి, ఎల్‌డీ లైబ్రరీ పాత్ అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌ను అటు తిప్పే చిన్న షెల్ స్క్రిప్టు జతచేశాను. దాంతో ఆ సందేశం పోయింది గానీ, ఆట ఏ సందేశమూ లేకుండా సెగ్మెంటేషన్ ఫాల్ట్‌తో కూలిపోతోంది. గ్లిబ్‌సీని మాత్రం తీసేసి మిగతావి అలాగే ఉంచి పంపితే, అంతకు ముందు చక్కగా నడిచిన ఒక ఆర్చ్ లినక్స్ యంత్రంలో గ్రాఫిక్స్ డ్రైవర్ లోడ్ కాలేదంటూ విండో తెరుచుకోవడం మానేసింది. ఇవి చాలవన్నట్టు, మెనూలో ఉన్న వెబ్‌సైట్ బటన్ నొక్కితే బ్రౌజర్ కూడా తెరుచుకోవడం లేదట.

ఏ లైబ్రరీలను ఆటతో పాటు ఇవ్వాలి, వేటిని వాడుకరి సిస్టమ్‌కు వదిలెయ్యాలి అన్నదానికి ఒక పద్ధతి ఉందా? లేక ఇదంతా పక్కనపెట్టి ఏ లినక్స్‌లోనైనా నడిచేలా ప్యాకేజీ కట్టే యాప్‌ఇమేజ్‌కో ఫ్లాట్‌ప్యాక్‌కో మారిపోవడమే మేలా?

పాతకెర్నల్ ఇచ్చిన సమాధానం

పిక్సెల్‌రథం గారూ, మీరు చెప్పిన నాలుగు లక్షణాలకూ మూలాలు రెండే. కంపైల్ చేసిన చోటు మరీ కొత్తది కావడం ఒకటి, సిస్టమ్‌కు వదిలెయ్యవలసిన లైబ్రరీలను వెంట తీసుకువెళ్లడం రెండోది.

ముందుగా 2.38 సంగతి చూద్దాం. గ్లిబ్‌సీ బయటికి ఇచ్చే ప్రతి ఫంక్షన్‌కూ ఒక వెర్షన్ ముద్ర ఉంటుంది. మీ బైనరీని లింక్ చేసేటప్పుడు, ఆ యంత్రంలో ఆ ఫంక్షన్‌కు డిఫాల్ట్‌గా ఉన్న ముద్రనే లింకర్ బైనరీలో రాసిపెడుతుంది. కొత్త గ్లిబ్‌సీ పాత ముద్రలన్నిటినీ అట్టే పెట్టుకుంటుంది గనుక పాత బైనరీ కొత్త డిస్ట్రోలో (ఉబుంటు, డెబియన్ వంటి లినక్స్ పంపిణీలో) నడుస్తుంది. కొత్త ముద్ర సంగతి పాత గ్లిబ్‌సీకి తెలిసే వీలు లేదు గనుక కొత్త బైనరీ పాత డిస్ట్రోలో నడవదు. ఉబుంటు 24.04లో ఉన్నది గ్లిబ్‌సీ 2.39, 22.04లో ఉన్నది 2.35.

కొత్త సదుపాయం ఏదీ వాడలేదన్నారు, అది నిజమే అయి ఉంటుంది. మీ బైనరీ మీద, అందులోని ఫంక్షన్ల పేర్లు చూపే ఆబ్జ్‌డంప్‌ను పెద్ద టీ ఆప్షన్‌తో నడిపి, అందులో 2.38 అని ఉన్న వరుసలు వెతకండి. 'ఐసోసీ23' అని మొదలయ్యే పేరు ఒకటో రెండో కనిపిస్తాయని నా అనుమానం. 2023 ఆగస్టులో వచ్చిన 2.38 నుంచి, సీ23 ప్రమాణం ప్రకారం ద్విసంఖ్యారూపంలో రాసిన అంకెలను కూడా చదవడం కోసం, స్ట్ర్‌టోల్, ఎస్‌స్కాన్‌ఎఫ్ వంటి ఫంక్షన్లను హెడర్ ఫైళ్లే కొత్త పేర్లకు మళ్లిస్తున్నాయి. జీ++ కంపైలర్ గ్నూ విస్తరణలను తనంతట తానే ఆన్ చేస్తుంది కాబట్టి మీరు సీ23 అడగకపోయినా ఈ మళ్లింపు జరిగిపోతుంది. సెట్టింగ్స్ ఫైలు నుంచి ఒక అంకె చదివే ఒకే ఒక్క వరుస చాలు, 22.04 వాడుకరులందరికీ తలుపు మూసుకుపోవడానికి. దీనికి ముందు 2021 ఆగస్టులో వచ్చిన 2.34లో కూడా ఇలాంటి గీత ఒకటి పడింది. థ్రెడ్ల లైబ్రరీని, డీఎల్ లైబ్రరీని సీ లైబ్రరీలో కలిపేసిన ఆ విడుదలలోనే ప్రోగ్రామ్‌ను మొదలుపెట్టే ఫంక్షన్‌కు కూడా కొత్త ముద్ర వేశారు. అందువల్ల 2.34 మీదనో ఆ తర్వాతి దాని మీదనో కంపైల్ చేస్తే, ఖాళీ మెయిన్ ఫంక్షన్ కూడా డెబియన్ 11లో ఉన్న 2.31 మీద నడవదు.

గ్లిబ్‌సీని కాపీ చేసినప్పుడు ఆట ఎందుకు కూలిందంటే, దాన్ని మెమరీలోకి ఎక్కించే డైనమిక్ లోడర్ కూడా గ్లిబ్‌సీలో భాగమే. ఆ లోడర్ ఎక్కడుందో బైనరీలో పూర్తి పాత్‌తో రాసి ఉంటుంది కాబట్టి, మీ ఫోల్డర్‌లో ఏమి పెట్టినా కర్నెల్ వాడుకరి సిస్టమ్‌లోని లోడర్‌నే పిలుస్తుంది. ఆ రెండూ ఒకే కాడికి కట్టిన జోడెడ్లు. ఒకదాన్ని మార్చి రెండోదాన్ని పాతదే ఉంచితే బండి కదలదు. గ్లిబ్‌సీని స్టాటిక్‌గా లింక్ చేస్తే సరిపోదా అని మీకు అనిపించవచ్చు. గ్రాఫిక్స్ డ్రైవర్లను రన్‌టైమ్‌లో తెరవవలసిన ఆట విషయంలో అది పనికిరాదు.

ఆర్చ్ యంత్రంలో జరిగినది వేరు. ఓపెన్‌జీఎల్ డ్రైవర్ మీ ఆట ప్రాసెస్‌లోకే వచ్చి కూర్చుంటుంది. మెసా అనే ఓపెన్‌సోర్స్ గ్రాఫిక్స్ డ్రైవర్లు చాలావరకు ఎల్ఎల్‌వీఎం అనే కంపైలర్ లైబ్రరీ మీద ఆధారపడతాయి, ఎల్ఎల్‌వీఎం సీ++లో రాసినది, దానికి ఆ డిస్ట్రోలోని సీ++ ప్రామాణిక లైబ్రరీయే కావాలి. కానీ అప్పటికే మీ స్క్రిప్టు పుణ్యమా అని, అదే పేరుతో ఉన్న మీ 24.04 నాటి లైబ్రరీ మెమరీలో ఉంది. ఒకే పేరు గల లైబ్రరీని లోడర్ రెండోసారి ఎక్కించదు కాబట్టి, డ్రైవర్ తనకు కావలసిన కొత్త సింబల్ దొరకక వెనుదిరుగుతుంది. బ్రౌజర్ సంగతీ ఇంతే: ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్ చైల్డ్ ప్రాసెస్‌లకు కూడా అందుతుంది గనుక, ఎక్స్‌డీజీ ఓపెన్ ద్వారా మీరు పిలిచిన బ్రౌజర్ మీ లిబ్ ఫోల్డర్‌లోని లైబ్రరీలను నెత్తికెత్తుకుని బోల్తా పడుతోంది.

కాబట్టి నేను పాటించే హద్దు ఇది. వాడుకరి హార్డ్‌వేర్‌తోనో, డిస్‌ప్లే సర్వర్‌తోనో, సౌండ్ సర్వర్‌తోనో మాట్లాడే ప్రతి లైబ్రరీనీ సిస్టమ్‌కే వదిలెయ్యాలి. ఓపెన్‌జీఎల్, వల్కన్ లోడర్, ఎక్స్11, వేలాండ్, ఆల్సా, పల్స్‌ఆడియో క్లయింట్లన్నీ ఈ కోవలోకే వస్తాయి. గ్లిబ్‌సీ, సీ++ ప్రామాణిక లైబ్రరీ కూడా అటువైపే. ఎస్‌డీఎల్2, మిక్సర్, దానికి కావలసిన వోర్బిస్, లువా మాత్రం మీతో రావాలి.

స్క్రిప్టును తీసేసి, లైబ్రరీలను ఎక్కడ వెతకాలో బైనరీలోనే రాసిపెట్టే ఆర్‌పాత్ వాడండి. డాలర్ గుర్తుతో మొదలయ్యే ఆరిజిన్ అన్న మాటకు 'ఈ ఫైలు ఉన్న ఫోల్డర్' అని లోడర్ అర్థం చేసుకుంటుంది. దాని తరువాత లిబ్ ఫోల్డర్ పేరు చేర్చితే చాలు. ఇక్కడ ఇద్దరు దొంగలు పొంచి ఉంటారు. ఒకడు షెల్: సింగిల్ కోట్స్‌లో పెట్టకపోతే డాలర్ ఆరిజిన్‌ను వేరియబుల్ అనుకుని ఖాళీ చేసేస్తుంది, అప్పుడు మీ పాత్ నేరుగా సిస్టమ్ లిబ్ ఫోల్డర్‌ను సూచిస్తుంది. రీడ్‌ఎల్ఫ్‌ను చిన్న డీ ఆప్షన్‌తో నడిపి చూస్తే ఇది వెంటనే బయటపడుతుంది. రెండోవాడు ఆర్‌పాత్‌కు కొత్త రూపమైన రన్‌పాత్: ఇప్పటి లింకర్లలో చాలా వాటి డిఫాల్ట్ ఇదే. ఇది బైనరీ నేరుగా అడిగిన లైబ్రరీలకే వర్తిస్తుంది గానీ, ఆ లైబ్రరీలు అడిగే లైబ్రరీలకు వర్తించదు. మీ మిక్సర్ లిబ్ ఫోల్డర్‌లోనే ఉన్నా, దాని పక్కనే ఉన్న వోర్బిస్ దానికి కనిపించదు. ఈ పాత్‌ను మార్చే ప్యాచ్‌ఎల్ఫ్ సాధనంతో ఆ ఫోల్డర్‌లోని ప్రతి లైబ్రరీకీ డాలర్ ఆరిజిన్ అని పెడితే ఆ సమస్య తీరుతుంది.

ఇక కంపైల్ చేయడానికి పాత పునాదిని ఎంచుకోండి. డెబియన్ 11 కంటైనర్ (మీ సిస్టమ్‌తో కలవకుండా విడిగా నడిచే వాతావరణం) సరిపోతుంది. స్టీమ్‌లో కూడా పెట్టదలచుకుంటే వాల్వ్ వారి స్నైపర్ రన్‌టైమ్ కూడా డెబియన్ 11 ఆధారంగా తయారైనదే, దాని ఎస్‌డీకే ఇమేజ్ డాకర్‌లోనూ పాడ్‌మన్‌లోనూ నడుస్తుంది.

లోహపక్షి ఇచ్చిన సమాధానం

పాతకెర్నల్ గారు చెప్పినవి సరైనవే కానీ, ఒక్కరే పనిచేస్తున్న డెవలపర్ ఇంత లోతుకు దిగాలా అన్నది నా సందేహం. ఫ్లాట్‌ప్యాక్‌లో ఆట తన రన్‌టైమ్‌తో కలిసి నడుస్తుంది, గ్లిబ్‌సీ కూడా ఆ రన్‌టైమ్‌లోదే, మెసా కూడా రన్‌టైమ్‌కు జతగా వచ్చే విస్తరణలోదే. ఫ్రీడెస్క్‌టాప్ రన్‌టైమ్ వెర్షన్ ఒకటి ఎంచుకుని దాని ఎస్‌డీకేతో కంపైల్ చేస్తే వాడుకరి డిస్ట్రో ఏదైనా తేడా ఉండదు.

ముందే తెలుసుకోవలసినవి కొన్ని ఉన్నాయి. డిస్‌ప్లే, శబ్దం, గ్రాఫిక్స్ పరికరం మూడింటికీ మ్యానిఫెస్ట్‌లో అనుమతులు విడివిడిగా అడగాలి. గేమ్‌ప్యాడ్ దగ్గరే ఎక్కువమంది తడబడతారు: గ్రాఫిక్స్ పరికరానికి ఇచ్చే అనుమతి గేమ్‌ప్యాడ్‌కు వర్తించదు, చాలాకాలం పాటు అన్ని పరికరాలకూ తలుపు తెరిచే అనుమతే అడగవలసి వచ్చేది. ఫ్లాట్‌ప్యాక్ 1.16 నుంచి ఇన్‌పుట్ పరికరాలకు మాత్రమే వర్తించే అనుమతి వచ్చింది. ఎన్విడియా వారి సొంత డ్రైవర్ వాడేవారి దగ్గర, సిస్టమ్‌లోని డ్రైవర్ వెర్షన్‌కు సరిగ్గా సరిపోయే విస్తరణ కూడా ఇన్‌స్టాల్ అయి ఉండాలి. డ్రైవర్ అప్‌డేట్ అయి విస్తరణ ఇంకా రాని సమయంలో ఆట నల్ల తెర చూపిస్తే అది మీ కోడ్ సమస్య కాదు.

యాప్‌ఇమేజ్ గురించి మాత్రం ఆశలు పెట్టుకోవద్దు. అది మంచి సంచి, అంతే. సాధారణంగా అది గ్లిబ్‌సీని వెంట తేదు కాబట్టి, 24.04 మీద కంపైల్ చేసినదాన్ని అందులో పెడితే అదే 2.38 సందేశం అక్కడా వస్తుంది. పైగా పాత యాప్‌ఇమేజ్ రన్‌టైమ్‌కు లిబ్‌ఫ్యూజ్2 కావాలి, ఉబుంటు 22.04 నుంచి అది డిఫాల్ట్‌గా ఇన్‌స్టాల్ అయి ఉండదు. స్టాటిక్‌గా తయారుచేసిన కొత్త రన్‌టైమ్ వాడితే ఆ చిక్కు తప్పుతుంది.

పాతకెర్నల్

లోహపక్షి గారితో యాప్‌ఇమేజ్ విషయంలో పూర్తిగా ఏకీభవిస్తాను. ఫ్లాట్‌ప్యాక్ విషయంలో మాత్రం ఒక మాట. ఆటను ఫోల్డర్‌గా దింపుకుని ఆడేవారు, స్టీమ్‌లో ఆడేవారు ఎలాగూ ఉంటారు. వారికి ఇచ్చే బైనరీ సరిగ్గా ఉండాలంటే పాత పునాది మీద కంపైల్ చేయక తప్పదు. ఆ పని ఒకసారి చేసి పెట్టుకుంటే అదే బైనరీని ఫ్లాట్‌ప్యాక్‌లో కూడా పెట్టవచ్చు. ఫ్లాట్‌ప్యాక్‌తో మొదలుపెడితే మిగతా వాడుకరుల కోసం ఈ పని మళ్లీ మొదటికే వస్తుంది.

పిక్సెల్‌రథం

ఇద్దరికీ ధన్యవాదాలు. ఆబ్జ్‌డంప్‌లో 2.38 అని కనిపించినవి రెండే: ఒకటి స్ట్ర్‌టోల్, రెండోది ఎస్‌స్కాన్‌ఎఫ్, రెంటికీ ముందు ఐసోసీ23 అనే ఉంది. డెబియన్ 11 కంటైనర్ తయారుచేసుకున్నాను. అక్కడి జీసీసీ 10కు ప్రామాణిక ఫార్మాట్ హెడర్ తెలియదు కాబట్టి, ఆ చోట్లలో ఎఫ్ఎంటీ లైబ్రరీ పెట్టాను. కోడ్‌లో మార్పు చాలా తక్కువ. ఎస్‌డీఎల్2ను, మిక్సర్‌ను కూడా అదే కంటైనర్‌లో సోర్స్ నుంచి కంపైల్ చేసి లిబ్ ఫోల్డర్‌లో పెట్టాను.

ఇప్పుడు 22.04లో గ్లిబ్‌సీ సందేశం లేదు, ఆర్చ్‌లో డ్రైవర్ సందేశమూ లేదు. అయితే అన్ని యంత్రాల్లోనూ, నాదానితో సహా, వీడియో పరికరం ఏదీ అందుబాటులో లేదని ఎస్‌డీఎల్ చెబుతోంది. ఎల్‌డీడీలో తప్పిపోయిన లైబ్రరీ ఒక్కటీ కనిపించడం లేదు.

పాతకెర్నల్

అది ఎల్‌డీడీకి కనిపించదు. ఎస్‌డీఎల్ ఎక్స్11నూ వేలాండ్‌నూ పల్స్‌ఆడియోనూ లింక్ చేసుకోదు. ఆట మొదలయ్యాక, వాడుకరి సిస్టమ్‌లో ఏది ఉంటే దాన్ని డీఎల్‌ఓపెన్‌తో తెరుచుకుంటుంది. ఒకే ఎస్‌డీఎల్ బైనరీ ఇన్ని డిస్ట్రోల్లో నడవడానికి కారణం అదే. కానీ ఏ డ్రైవర్ల కోడ్ లోపల ఉండాలన్నది కంపైల్ సమయంలోనే తేలిపోతుంది. ఖాళీ కంటైనర్‌లో ఎక్స్11 హెడర్ ఫైళ్లు లేకపోతే, ఎస్‌డీఎల్2 కాన్ఫిగర్ దశ పెద్దగా గోల చేయకుండా ఆ డ్రైవర్‌ను వదిలేసి ముందుకు పోతుంది. ఎస్‌డీఎల్3 అయితే ఎక్స్11, వేలాండ్ రెండూ దొరకనప్పుడు కాన్ఫిగర్ దశలోనే ఆపేస్తుంది, అది మంచి మార్పు.

కంటైనర్‌లో ఎక్స్11, దాని ఎక్స్‌టెన్షన్ లైబ్రరీ, ఎక్స్‌రాండ్‌ఆర్, ఎక్స్‌కర్సర్, ఎక్స్ఐ, వేలాండ్, ఎక్స్‌కేబీకామన్, ఆల్సా, పల్స్‌ఆడియో, యూడెవ్‌లకు సంబంధించిన డెవ్ ప్యాకేజీలు ఇన్‌స్టాల్ చేసి, ఎస్‌డీఎల్‌ను మొదటి నుంచి కాన్ఫిగర్ చేయండి. పాత బిల్డ్ ఫోల్డర్‌ను తుడిచెయ్యకపోతే సీమేక్ తన క్యాష్‌లోని పాత జవాబులనే నమ్ముతుంది. కాన్ఫిగర్ ముగిశాక వచ్చే సారాంశంలో ఏ డ్రైవర్లు చేరాయో ఒక్కొక్కటిగా చదవండి. పరికరాలు తగిలించడాన్ని గమనించే యూడెవ్‌ను మరిచిపోతే ఆట బాగానే తెరుచుకుంటుంది గానీ, ఆట నడుస్తుండగా తగిలించిన గేమ్‌ప్యాడ్‌ను గుర్తించడంలో తేడాలు వస్తాయి. అది విడుదలయ్యాక గానీ బయటపడని రకం. పైప్‌వైర్ వాడే డిస్ట్రోల గురించి విడిగా ఆలోచించనక్కరలేదు, పల్స్‌ఆడియో క్లయింట్లకు అదే సేవ అందిస్తుంది.

చిట్టిబైట్ ఇచ్చిన సమాధానం

లైబ్రరీల సంగతి తేలింది కాబట్టి, ఆట తెరుచుకున్న తరువాత ఎదురయ్యే వాటి గురించి చెబుతాను.

మీ ఆట డేటా ఫైళ్లను వర్కింగ్ డైరెక్టరీ ఆధారంగా తెరుస్తూ ఉంటే, టెర్మినల్ నుంచి ఆ ఫోల్డర్‌లోకి వెళ్లి నడిపినప్పుడు మాత్రమే అవి దొరుకుతాయి. డెస్క్‌టాప్ ఐకాన్ నుంచి నడిపితే వర్కింగ్ డైరెక్టరీ సాధారణంగా హోమ్ ఫోల్డర్ అవుతుంది. ఎస్‌డీఎల్‌లోని గెట్ బేస్‌పాత్ ఫంక్షన్ ఆట బైనరీ ఉన్న చోటును చెబుతుంది, దాని నుంచే అన్ని పాత్‌లూ కట్టుకోవాలి. సేవ్ ఫైళ్లను మాత్రం అక్కడ రాయకూడదు, ఎందుకంటే ఫ్లాట్‌ప్యాక్‌లోనూ యాప్‌ఇమేజ్‌లోనూ ఆ చోటు చదవడానికే తప్ప రాయడానికి వీలైనది కాదు; వాటికి గెట్ ప్రెఫ్‌పాత్ ఉంది.

బిల్డ్ ఆప్షన్లలో మార్చ్ నేటివ్ ఉంటే తీసెయ్యండి. మీ ప్రాసెసర్‌కు మాత్రమే తెలిసిన ఆదేశాలు బైనరీలో చేరి, పాత ప్రాసెసర్ల మీద ఇల్లీగల్ ఇన్‌స్ట్రక్షన్ అంటూ ఆట ఆగిపోతుంది. ఎలాంటి ప్యాకేజీ విధానమూ దీన్ని కాపాడలేదు.

నాకు అన్నిటికన్నా చికాకు కలిగించేది లొకేల్ (వాడుకరి భాషా, ప్రాంతీయ సెట్టింగ్) సమస్య. మీ లెవెల్ ఫైళ్లలో దశాంశ సంఖ్యలు ఉంటే జాగ్రత్త. సీ ప్రోగ్రామ్ మొదలైనప్పుడు దశాంశ గుర్తు చుక్కే. కానీ ఫైల్ ఎంచుకునే డైలాగ్ కోసం జీటీకేను పిలిచినా, మరేదైనా లైబ్రరీ సెట్‌లొకేల్‌ను పిలిచినా, వాడుకరి భాషా సెట్టింగ్ అమల్లోకి వస్తుంది. జర్మన్ వంటి భాషల్లో దశాంశానికి చుక్క కాక కామా వాడతారు కాబట్టి, 0.35 అని రాసిన వేగాన్ని స్ట్ర్‌టోడీ చదువుతూ చుక్క దగ్గర ఆగిపోయి సున్నా అని తిరిగి ఇస్తుంది. ఎర్రర్ సందేశం ఉండదు, కూలిపోవడమూ ఉండదు, పాత్ర మాత్రం నిలబడిన చోటి నుంచి కదలదు. జర్మన్ లొకేల్‌ను ఇన్‌స్టాల్ చేసి ఎల్‌సీ ఆల్ అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌ను దానికి మార్చి ఒకసారి ఆడి చూడండి. దశాంశాలను నేరుగా చదివే ఫ్రమ్‌క్యార్స్ జీసీసీ 11 నుంచే ఉంది కనుక మీ కంటైనర్‌లో దొరకదు. స్ట్రింగ్ స్ట్రీమ్‌కు క్లాసిక్ లొకేల్‌ను ఇంబ్యూ చేసి చదివితే అదే ఫలితం వస్తుంది.

పిక్సెల్‌రథం

డెవ్ ప్యాకేజీలు చేర్చి ఎస్‌డీఎల్‌ను మళ్లీ కంపైల్ చేశాక 22.04లోనూ, డెబియన్ 11లోనూ, ఆర్చ్‌లోనూ ఆట నడుస్తోంది, బ్రౌజర్ కూడా తెరుచుకుంటోంది. జర్మన్ లొకేల్‌లో మాత్రం చిట్టిబైట్ గారు చెప్పినట్టే అయింది: లెవెల్ ఎడిటర్‌లో ఫైల్ డైలాగ్ తెరిచి మూసిన తరువాత లోడ్ చేసిన ప్రతి లెవెల్‌లోనూ శత్రువులు బొమ్మల్లా నిలబడిపోతున్నారు, డైలాగ్ తెరవకముందు లోడ్ చేసినవి మామూలుగానే తిరుగుతున్నాయి. చదివే కోడ్‌ను స్ట్రింగ్ స్ట్రీమ్‌కు మార్చాను, సర్దుకుంది.

ఒక చిన్న ప్రశ్న మిగిలింది. ఆటోమేటిక్ బిల్డ్ సేవ నుంచి దింపుకున్న జిప్‌లో ఆట ఫైలుకు ఎగ్జిక్యూట్ అనుమతి పోతోంది. నా యంత్రంలో చేసిన జిప్‌లో అది ఉంటోంది.

చిట్టిబైట్

ఫోల్డర్‌ను అలాగే అప్పగిస్తే అలాంటి సేవలు కొన్ని తమ జిప్‌ను తామే కడతాయి, అప్పుడు యూనిక్స్ అనుమతులు రాలిపోతాయి. బిల్డ్ చివరి దశలో మీరే టార్ చేసి, ఆ ఒక్క ఫైలునే అప్పగించండి. ఆటలు అమ్మే ఇచ్.ఐఓ సైట్‌లో పెట్టేటప్పుడు వారి బట్లర్ సాధనంతో ఫోల్డర్‌ను పంపితే అది ఎగ్జిక్యూట్ అనుమతులను తానే సరిచేస్తుంది.

పాతకెర్నల్

ఆ బిల్డ్ స్క్రిప్టులోనే, టార్ చేయడానికి ముందు, ఆట బైనరీనీ లిబ్ ఫోల్డర్‌లోని ప్రతి లైబ్రరీనీ ఆబ్జ్‌డంప్‌తో చూసి, 2.31 కన్నా పై గ్లిబ్‌సీ ముద్ర ఒక్కటి కనిపించినా బిల్డ్‌ను ఆపేసే తనిఖీ పెట్టండి. కొన్నాళ్లకు తొందరలో కంటైనర్ బయట కంపైల్ చేసిన లైబ్రరీ ఒకటి ఆ ఫోల్డర్‌లోకి చేరితే, పరీక్షకుల కన్నా ముందు అది మీకే తెలుస్తుంది.